నెల లెక్క, ఏటి లెక్క



ప్రతినెలయు ఒకటవ తేదీన ఇంత అని నిశ్చయమైన సొమ్ము చేతికి వచ్చుటయు, మరుసటి ఒకటవ తేదీ వరకు ఆ సొమ్ము ఒక్క రూపాయియైనను పెరుగుటకు వీలులేకుండుటయు మన మధ్యతరగతి గృహములలో ఎంత సహజమైపోయినవనగా, ఇట్లుకాని జీవితము ఒకటి మన తాతల కాలమున ఉండెడిదన్న సంగతియే మనము మరచినాము. బడిపంతులు, కచేరీ గుమాస్తా, ఉద్యోగము చాలించి పింఛను పుచ్చుకొనుచున్న పెద్దమనిషి, భర్త పోయిన పిమ్మట కుటుంబ పింఛనుతో కాలము గడుపుచున్న ఇల్లాలు, పోస్టాఫీసులో దాచిన సొమ్ముపై వచ్చు వడ్డీయే ఆధారముగా బ్రతుకుచున్న వృద్ధదంపతులు, వీరందరికిని జీవితమునకు కొలత నెల. పొదుపును గూర్చి మాటలాడువారు సామాన్యముగా కాఫీ తగ్గింపుమనియు, దీపము ఆర్పుమనియు, ఆటో మాని నడచిపొమ్మనియు చెప్పుదురు. అవి మంచిమాటలే గాని, అంతటితో సంసారము గట్టెక్కదు. నేను చూచినంతవరకు స్థిరాదాయముగల ఇంటిని కుంగదీయుచున్నది దినవెచ్చము కాదు. ఆదాయమును నెలతో కొలిచి, వ్యయమును కూడ నెలతోనే కొలుచుట. ఆదాయము నెలనెలా వచ్చును. వ్యయము మాత్రము ఏడాది పొడుగునను తనకు తోచిన నెలలో వచ్చి తలుపు తట్టును. నేటి ప్రసంగములో నేను మనవి చేయదలచినది ఈ ఒక్క విషయమే.

మన పల్లెలలో సేద్యగాని ఇంటికి రాబడి ఏటికి ఒకటి రెండుమారులు మాత్రమే ఉండెడిది. మార్గశిర పుష్యమాసములలో ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట, మరల పంట నూర్చువరకు గాదెలోని గింజలతోనే తిండియు, విత్తనములును, పాలేరు జీతమును, వృత్తులవారి మేరలును, ఆడబిడ్డలకు పెట్టుపోతలును జరుగవలసియుండెను. అందుచేత ఆ ఇంటి యజమానురాలు గాదె తెరచినప్పుడెల్ల ముందున్న మాసములన్నింటిని మనసున నిలుపుకొనియే కుంచము ముంచెడిది. ఆషాఢమున ఎంత మిగులవలెనో, దసరాకు ఎంత ఉండవలెనో ఆమెకు కాగితము అక్కరలేకయే తెలియును. నెలజీతము వచ్చి మనకు చేసిన మేలు తక్కువది కాదు. వాన కురియకున్నను ఒకటవ తేదీ వచ్చును. కాని ఆ నిశ్చింతతోపాటు ఏడాదిని ఒక్కచూపున చూచు అలవాటును మనము కోల్పోతిమి. జూన్ మాసము ప్రతియేటను వచ్చునని ఎరిగియు, పిల్లల బడిరుసుము కట్టవలసిన దినమున అదేదో ఆకస్మిక విపత్తు అయినట్లు చేబదులునకు పరుగెత్తుచున్నాము.

ఆ పాత అలవాటులో నేటికిని పనికివచ్చు భాగము వంటింటిలోనే మొదలగును. సంక్రాంతి దాటునప్పటికి కొత్త కందులును, అనకాపల్లి బెల్లమును విపణికి వచ్చును. మాఘ ఫాల్గుణములలో గుంటూరు యార్డులో మిరపయు, దుగ్గిరాలలో పసుపును రాశులు పోసియుండును. శివరాత్రి వెళ్ళి ఎండ ముదిరిన కొలది కొత్త చింతపండు దిగును. ఉగాది పిమ్మట ఆవకాయకు మామిడికాయ. పంట వచ్చిన నెలలలో ధర దిగుటయు, వానకారు ముదురునప్పటికి ఎక్కుటయు ఈ సరకుల స్వభావము. ఏడాదికి కావలసిన చింతపండును కొత్తపంట దినములలోనే కొని, చాపమీద పరచి రెండెండలు ఎండనిచ్చి, గింజలును ఈనెలును ఏరివేసి, కల్లుప్పు చల్లి, జాడీలో పొరపొరగా పిడికిలితో అదిమి, పైన ఇంకొక గుప్పెడు ఉప్పు వేసి గుడ్డతో వాసెన కట్టినచో, మరుసటి పంట వరకు పురుగు పట్టదు. రంగు నలుపెక్కును, పులుపు తగ్గదు. కందిపప్పునకు కొంచెము ఆముదము పట్టించి ఎండలో ఆరబెట్టి డబ్బాకెత్తుట మన అమ్మమ్మలందరును చేసిన పనియే. ఇప్పటి వారిలో పెక్కుమంది అపార్ట్‌మెంటులలో ఉన్నారు, ఎండబెట్టుటకు మేడ లేదు, ఇంటిలో ఇద్దరే మనుషులు. అట్టివారు బియ్యపు బస్తాలు పేర్చుకొనవలెనని నేను చెప్పను. ఇద్దరున్న ఇంట పది కిలోల కందిపప్పు కొని అయిదు కిలోలు పారబోయుట పొదుపు కాదు. నూనెను ఎవ్వరును ఏడాదికి నిలువచేయరాదు. ఉన్న కొలది వాసన మారును. చింతపండు, మిరపకాయ, పసుపు, పప్పు, ఈ నాలుగింటికి మాత్రము కొనవలసిన నెల కనిపెట్టి కొనుడు.

ఇక అసలు లెక్కకు వత్తము. నెలకు ముప్పదివేల రూపాయల పింఛను వచ్చు ఒక ఇంటిని ఉదాహరణముగా తీసికొందము. ఆ ఇంటివారు తమ ఆదాయము 30,000 అనుకొని, అందుకు తగినట్లే పాలవాడు, పనిమనిషి, కిరాణా, కూరలు, కరెంటు, గ్యాసు, మందులు అని వెచ్చము సరిపెట్టుకొందురు. నెలాఖరునకు ఏమియు మిగులదు, అప్పును లేదు. సంసారము సజావుగా ఉన్నట్లే కనబడును. కాని ఆ ఇంటికి ఏడాదిలో ఒక్కొక్కమారు మాత్రమే వచ్చు ఖర్చులను ఒక తెల్లకాగితముపై వ్రాయుడు. ఇంటిపన్ను 4,000. దంపతులిరువురి ఆరోగ్యబీమా ప్రీమియము 36,000. పండుగలు, బట్టలు 20,000. ఇందాక చెప్పిన ఏటి సరకులును, ఆవకాయ సామగ్రియు 30,000. పెండ్లిండ్లకును గృహప్రవేశములకును చదివింపులు, రాకపోకల ఖర్చులు 18,000. సున్నము, కుళాయి, మోటారు మరమ్మతులు 12,000. కూడినచో లక్షా ఇరువదివేలు. పండ్రెండుచేత భాగించినచో నెలకు పదివేలు. అనగా ముప్పదివేల పింఛను గల ఆ ఇల్లు నిజమునకు ఇరువదివేలతో నడువవలసిన ఇల్లు. ఈ పదివేలు వారివి కావు, రాబోవు నెలలవి. ఈ సంగతి ఎరుగక నెలకు ముప్పదివేలును వాడుకొనుచున్నవారు ప్రతి సంవత్సరమును లక్షా ఇరువదివేల లోటులో పడి, ఎక్కడ పడినారో తెలియక, ధరలను నిందించుచుందురు.

కాగితముపై అంకెలు మీ ఇంటికి తగినట్లు మార్చుకొనవచ్చును. మార్చరాని నియమము ఒకటి కలదు: ఆ పండ్రెండవ పాలు ఒకటవ తేదీననే వేరు ఖాతాకు వెళ్ళవలెను. నెలాఖరున మిగిలినది దాచుకొందమనుకొన్న ఇంట మిగులుట నేనెన్నడును చూడలేదు. బ్యాంకులో పండ్రెండు నెలల రికరింగు డిపాజిటు వేసినచో, మనము మరచినను బ్యాంకు మరువదు. అరువది యేండ్లు నిండినవారికి 2004 నుండి పోస్టాఫీసులలోను బ్యాంకులలోను ఉన్న సీనియర్ సిటిజన్ల పొదుపు పథకములో వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల మొదట, మూడు నెలలకొకమారు వచ్చును. చాలమంది దీనిని అసౌకర్యమని భావించి నెలనెలా వడ్డీ ఇచ్చు పథకమునకు పోవుదురు. నేను దీనినే మేలుగా ఎంచుదును. నెలవెచ్చమునకు పింఛను ఉన్నవారికి, ఈ నాలుగు వాయిదాల వడ్డీ ఏటి ఖర్చులకు సరిగా అమరును. ఏప్రిల్ వడ్డీతో ఇంటిపన్ను ఆ నెలలోనే ఏడాదికంతయు ఒక్కమారుగా కట్టినచో, హైదరాబాదులోను, ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘములలోను నూటికి ఐదు రూపాయల తగ్గింపు ఇచ్చుచున్నారు. అక్టోబరు వడ్డీ దసరా దీపావళులకు అందును.

స్థిరాదాయమునకు ఇంకొక శత్రువు కలదు. అది నిశ్శబ్దముగా పనిచేయును. ధరలు ఏటేటా నూటికి ఆరు చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లలో రెట్టింపగును. అరువదియవ యేట ఉద్యోగము చాలించినవానికి డెబ్బదిరెండవ యేట అదే వడ్డీ సగము సరకు తెచ్చును. ప్రభుత్వ పింఛనుదారులకు కరవుభత్యము పెరుగుచుండును గనుక కొంత ఊరట కలదు. కాని 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద ఉన్న మిల్లు కార్మికులకును, ప్రైవేటు సంస్థలలో పనిచేసినవారికిని కరవుభత్యమే లేదు. 2014 సెప్టెంబరులో కనీస పింఛను వేయి రూపాయలుగా నిర్ణయింపబడినది. ఒక జీవితకాలము యంత్రముల మధ్య నిలుచున్న మనుష్యునికి నెలకు వేయి రూపాయలు చాలునా అని అడుగవలసిన బాధ్యత మనయందరిపైనను ఉన్నది. ఎంతటి మితవ్యయమును ఈ అన్యాయమును పూడ్చజాలదు. ఇరువదిలక్షలు దాచుకొని నూటికి ఎనిమిది చొప్పున ఏటికి లక్షా అరువదివేల వడ్డీ పొందుచున్న దంపతులు మాత్రము, ఒంటిలో ఓపిక ఉన్న తొలి సంవత్సరములలోనే అందు నలువదివేలు మరల అసలులో కలుపుచు వచ్చినచో, పెరుగు ధరలను పూర్తిగా కాకున్నను కొంతవరకైనను ఎదుర్కొనగలరు. డెబ్బదియైదవ యేట మందుల పద్దు పెరిగిన పిమ్మట ఈ పని చేయవలెనన్నను సాధ్యము కాదు.

అప్పు సంగతి క్లుప్తముగా చెప్పుదును. మన ఊళ్ళలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకొనుట ఆచారము. రెండు రూపాయల వడ్డీ యనగా చెవికి స్వల్పముగా వినబడును. అది ఏటికి నూటికి ఇరువదినాలుగు. మూడు రూపాయలైనచో ముప్పదియారు. క్రెడిట్ కార్డు బాకీ గడువులోగా తీర్చనివారు నెలకు మూడు, మూడున్నర కూడ ఇచ్చుకొనుచున్నారు. పోస్టాఫీసులో ఎనిమిది వచ్చునని సంతోషించుచు, వేరొకచోట ముప్పదియారు ఇచ్చుచున్న ఇంటికి పొదుపు పథకములేవియు అక్కరలేదు. ముందుగా ఆ అప్పు తీర్చుటయే పొదుపు.

చీటీలను గూర్చి మాత్రము కొంచెము నిదానముగా చెప్పవలెను, ఏలనన చీటీ కట్టని తెలుగు వీధి లేదు. ఇరువదిమంది సభ్యులు నెలకు అయిదువేల చొప్పున ఇరువది నెలలు కట్టు లక్షరూపాయల చీటీ ఉన్నదనుకొందము. తొలినెల పాటలో అవసరముగలవాడు ముప్పదివేలు తగ్గించి పాడి డెబ్బదివేలు పుచ్చుకొనును. ఆ ముప్పదివేలలో నిర్వాహకుని కమీషను అయిదువేలు పోగా, తక్కిన ఇరువదియైదువేలు ఇరువదిమందికిని 1,250 చొప్పున పంపకమగును. కనుక ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసినది 3,750 మాత్రమే. కడవరకు పాడక ఆగినవానికి ఇది పొదుపు. మొదటనే పాడుకొన్నవానికి ఇది అప్పు, అదియు చౌకయైన అప్పు కాదు. ఒకే చీటీ ఒకరికి లాభముగాను మరియొకరికి భారముగాను ఉండుటను గుర్తింపక, ‘అందరును కట్టుచున్నారు’ అని చేరువారే ఎక్కువ. చేరదలచినవారు 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము ప్రకారము ఆ చీటీ రిజిస్ట్రారు వద్ద నమోదైనదో లేదో మొట్టమొదట అడుగవలెను. పొరుగింటి పరిచయమును బట్టి, తెల్లకాగితముపై వ్రాసుకొను చీటీలో పింఛను సొమ్ము పెట్టరాదని నా దృఢమైన అభిప్రాయము. బ్యాంకు డిపాజిటుకైనచో ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదులక్షల వరకు బీమా రక్షణ 2020 ఫిబ్రవరి నుండి ఉన్నది. చేతిచీటీకి రక్షణ ఏదియు లేదు.

పొదుపనునది జీతగాండ్రకు మాత్రమే సాధ్యమని తలచువారికి నెల్లూరు జిల్లా స్త్రీలు సమాధానము చెప్పియున్నారు. 1990 దశకపు తొలినాళ్ళలో దూబగుంట గ్రామమున మొదలైన సారా వ్యతిరేకోద్యమము జిల్లాయంతట వ్యాపించి, సారా వేలపాటలు నిలిచిపోయిన పిమ్మట, ఆ స్త్రీలే గుంపులుగా కూడి దినమునకు ఒక్క రూపాయి చొప్పున కూడబెట్టసాగిరి. ‘పొదుపులక్ష్మి’ అన్న పేరుతో అది వాసికెక్కినది. కూలికి పోవు స్త్రీకి ఆ రూపాయి ఎక్కడనుండి వచ్చినది? నిన్నటివరకు సారాకొట్టుకు పోయిన సొమ్ములోనుండియే వచ్చినది. కొత్తగా సంపాదింపలేదు, పోవుచున్న దారిని మూసినారు. ఆ కూడిన సొమ్మును తమలో అవసరమున్నవారికే తక్కువ వడ్డీకి అప్పిచ్చి, ఆ వడ్డీని తమ గుంపునకే జమకట్టుకొని, బ్యాంకు మెట్లెక్కని స్త్రీలు బ్యాంకు పద్దులు చదువ నేర్చిరి. పిమ్మట తెలుగునాట ఊరూర వెలసిన డ్వాక్రా సంఘములకు ఈ ఒరవడి ఎంతయో తోడ్పడినది. స్థిరాదాయముతో కాక, అస్థిరమైన కూలి ఆదాయముతో ఈ పని చేసిన ఆ తల్లులయెడ నాకు గల గౌరవమును మాటలలో చెప్పజాలను.

తగ్గింపదగని పద్దులను గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. పెద్దవయసున పాలు తగ్గించుట, కంటిపరీక్ష వాయిదా వేయుట, రక్తపుపోటు మాత్రను దినము విడిచి దినము వేసికొనుట పొదుపనిపించుకొనవు. మాత్ర మానివేసి మిగిల్చిన సొమ్మునకు అనేక రెట్లు ఆసుపత్రికి కట్టవలసివచ్చును. మాత్ర మానరాదు గాని, మాత్ర కొను అంగడి మార్చవచ్చును; జన ఔషధి కేంద్రములలో అదే మందు జనరిక్ పేరుతో బహుళముగా సగముకంటె తక్కువకు దొరకును. వైద్యుని అడిగి, మందుపేరు వ్రాయించుకొని పోవలెను. అట్లే కరెంటు విషయములో, వేసవిమధ్యాహ్నమున పంకా ఆపి చెమటలో కూర్చుండుమని వృద్ధులకు చెప్పుట నిర్దయ. పాత పంకా 75 వాట్లు తీసికొనును. నేటి బీఎల్‌డీసీ పంకా 28 వాట్ల ప్రాంతమున తీసికొనును. దినమునకు పండ్రెండు గంటలు తిరిగినచో మొదటిదానికి 0.9 యూనిటు, రెండవదానికి మూడవవంతునకు కొంచెము పైగా ఖర్చగును. గాలి తగ్గలేదు, సుఖము తగ్గలేదు. ఏటి లెక్కలో ఒక్క పంకా మీదనే నూటయేబది యూనిట్లకు పైగా మిగులును. బియ్యమును పప్పును అరగంట నానవేసి కుక్కరులో పెట్టుట, మంట గిన్నె అడుగు దాటి పైకెగబ్రాకకుండ చూచుట గ్యాసు విషయములో ఇట్టివే. ఒంటిని బాధింపని తగ్గింపు కలకాలము నిలుచును. బాధించు తగ్గింపు పది దినములకు విసుగు పుట్టించి, పదకొండవ దినమున హోటలుకు నడిపించును.

నలుగురేమనుకొందురో అను సంకోచము మన ఇండ్లలో కిరాణాకొట్టుకంటె ఎక్కువ సొమ్ము తీసికొనుచున్నది. పార్లమెంటునకు సైకిలుపై వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్యగారిని ఎవ్వరును చిన్నచూపు చూడలేదు. ఆయనది ధనవంతుల ఇల్లు. ఆస్తిని పంచిపెట్టి ఆ సైకిలు ఎక్కినాడు. మనము అంతటివారము కాకపోవచ్చును. అయినను చదివింపుల పద్దునకు ఏటికి ఇంత అని హద్దు పెట్టుకొని, దగ్గరివారికి నిండుగాను, తక్కినవారికి ఆశీర్వచనముతోను సరిపెట్టుటకు ధైర్యము చాలును. మనుమరాలి ఓణీల వేడుకకు రెండు రూపాయల వడ్డీకి అప్పుతెచ్చి పట్టుచీర పెట్టిన తాత, ఆ వడ్డీని తన మందుల సొమ్ములోనుండి కట్టుచున్నాడన్న సంగతి ఆ బిడ్డకు తెలిసినచో, ఆమె ఆ చీర కట్టుకొనునా? బిడ్డలకు మన ఆదాయమింత అని దాపరికము లేకుండ చెప్పిన ఇండ్లలో ఈ చిక్కు పెక్కుసార్లు రానేరాదు.

దాపరికమనగా ముఖ్యమైన సంగతి ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. మన ఇండ్లలో జమాఖర్చు భర్త చేతిలోనో, పెద్దకుమారుని సెల్‌ఫోనులోనో ఉండును. ఇల్లాలు పోపులపెట్టెలో చిల్లర దాచి సంసారమును ఎన్నిమారులో గట్టెక్కించియుండును. కాని డిపాజిటు ఏ బ్యాంకులో ఉన్నదో, బీమా కాగితము ఏ బీరువాలో ఉన్నదో, పింఛను పుస్తకము సంఖ్య ఏమో ఆమెకు తెలియదు. ఆయన ఆకస్మికముగా పోయిన నాడు, దుఃఖములో ఉన్న ఆ మనిషి కచేరీల చుట్టును తిరుగుచు, తన ఇంటి సొమ్ము తనదని నిరూపించుకొనవలసివచ్చుచున్నది. ముప్పదియేండ్లు కూడబెట్టిన సొమ్ము అవసరమైన ఆరునెలలు అందకుండుటకంటె పెద్దనష్టము ఏ దుబారావలనను కలుగదు. కనుక ఏటి లెక్క వ్రాయునప్పుడు దంపతులిద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండి వ్రాయుడు. ఖాతాలు, డిపాజిట్లు, బీమాలు, బాకీలు ఒకే పుస్తకములో, ఇద్దరికిని చదువనగు అక్షరములతో ఉండవలెను. పింఛనుదారులు నవంబరులో జీవిత ధ్రువపత్రము ఇచ్చుటకు వెళ్ళినప్పుడే, కుటుంబ పింఛనుకై భార్యపేరు, పుట్టినతేదీ సరిగా నమోదైనవో లేదో అడిగి చూచుకొనవచ్చును. నామినీ పేరు లేని పాసుపుస్తకము ఏదైనను ఇంటిలో ఉన్నచో నవంబరు వరకు ఆగవలదు. రేపు ఉదయముననే వెళ్ళి ఆ పత్రము నింపి రండు. అది ఒక్క పుట కాగితము.